ద్రాక్ష కోసం మోగిన గంట

ఆ రోజు హరీదిమోస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, మధ్యాహ్నం దాకా కాళ్లు చాపుకుని కూర్చోవాలి, సాయంత్రం చేలో పరిచిన ద్రాక్షను ఎత్తి ఇంటికి తేవాలి. పది రోజులుగా సెప్టెంబరు ఎండలో ఆరుతున్న ద్రాక్ష అది. ఇంకొక్క పూట ఎండితే తియ్యటి వైన్‌కు సరిగ్గా సరిపోతుంది. ఒక్క జల్లు పడిందా, బూజు పట్టి పందులకు కూడా పనికిరాదు.

మామూలు ఏడాదైతే ఇంత బెంగ ఉండేది కాదు. ముందటేడు వడగాలికి గుత్తులు తీగ మీదే మాడిపోయాయి. పోయిన ఏడు వడగళ్లు ఆకులను కూడా మిగల్చలేదు. దాంతో అతని భార్య ఎలెంగు మరియమ్మ పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. ఈసారి కూడా పంట పోతే తీగలన్నీ పీకేసి, లిమసోల్ పట్నంలో ఆమె చెల్లెలి పక్క వాటాలోకి మకాం మార్చాలి. నలభై ఏళ్లు తన చేత్తో కత్తిరించి పెంచిన తీగలు. ఆ ఒట్టు గుర్తొస్తే హరీదిమోస్‌కు ముద్ద దిగడం లేదు.

ఎలెంగు రొట్టెలు కాల్చుకోవడానికి పొరుగింటికి వెళ్లింది. హరీదిమోస్ కాఫీ సగం తాగాడో లేదో, కొండ మీంచి పొగమంచు దిగింది. ఆ నెలలో అంత మంచు ఎవరూ ఎరగరు. వాలులో మేస్తున్న మేకల మెడగంటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మంచు వెనకాలే తడి మట్టి వాసన వచ్చింది.

"యాకుమీ, లెగరా! వానొస్తోంది!" అని అరుగు మీద నిద్రపోతున్న బావమరిది యాకుమీస్‌ను తట్టి లేపాడు. "చర్చికి పోయి గంట గబగబా కొట్టు. ఊరంతా చేనుకి రావాలి."

"గబగబా అంటే కష్టం బావా, భుజం పట్టేసింది."

"రెండో చేత్తో కొట్టు! తినేటప్పుడు రెండు చేతులూ బానే ఆడతాయిగా!"

ఇంట్లో ఉన్న తెల్ల దుప్పట్లన్నీ ఎత్తుకుని హరీదిమోస్ చేనుకి పరుగెత్తాడు. ద్రాక్ష మీద ఒక్కొక్కటే కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టుకుంటూ పోయాడు. చివరి దుప్పటి దగ్గరికొచ్చేసరికి తన చెయ్యి తనకే కనిపించడం లేదు, ఇక రాళ్లేం కనిపిస్తాయి? గాలి కూడా లేచింది. చేసేది లేక దుప్పటి అంచు మీద తానే పడుకున్నాడు. గాలి ఆ దుప్పటిని మడిచి అతని తల దాకా కప్పింది. లేస్తే ఎగిరిపోతుందని అలాగే కదలకుండా ఉన్నాడు.

అప్పుడు గంట మోగింది. ఒక్క దెబ్బ. పది లెక్కపెట్టేంత నిశ్శబ్దం. మళ్లీ ఒక్క దెబ్బ.

మా కొండ ఊళ్లలో గంట గబగబా మోగితే పరుగెత్తి రమ్మని. ఆగి ఆగి మోగితే ఎవరో పోయారని.

"వీడి భుజం పడిపోను! చావు గంట కొడుతున్నాడు వెధవ!" అని హరీదిమోస్ దుప్పటి కింద పళ్లు నూరాడు. అంతలోనే తిట్టడం ఆపి చెవి ఒగ్గాడు. ఆ చప్పుడు చర్చి వైపు నుంచి రావడం లేదు. తన వీపు కింద నేలలోంచి వస్తోంది.

ఊళ్లో జనం ఎవరు పోయారా అని లెక్కలు వేసుకున్నారు. కాఫీ కొట్లో హరీదిమోస్ కుర్చీ ఖాళీ. ఇంటికెళ్లి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది, కాఫీ సగం మిగిలి ఉంది, మంచం మీద దుప్పటి లేదు. "నిన్ననే ముద్ద దిగట్లేదన్నాడు పాపం" అన్నారెవరో. అంతే, నల్ల బట్టలు బయటికొచ్చాయి. పోయినవాళ్ల పేరిట పంచే గోధుమలు కూడా ఉడకేశారు. చేలోనే పడి ఉంటాడని, ఏడుస్తున్న ఎలెంగును ముందు పెట్టుకుని అందరూ చేనుకి బయల్దేరారు.

మంచులో తెల్లటి దుప్పట్లు వరసగా ఉన్నాయి. ఒక్కదాని కింద మాత్రం మనిషి ఆకారం ఉంది. అందరి కాళ్లూ అక్కడే ఆగిపోయాయి.

గట్టు తగాదాతో పదకొండేళ్లుగా మాట్లాడని పక్క చేను ఎవెల్థోన్ ముందుకొచ్చి మోకాళ్ల మీద పడ్డాడు. "ఒరే హరీదిమోస్, క్షమించరా! నీ ద్రాక్ష తడవాలని మొక్కుకున్నది నేనేరా. నీ ప్రాణం మాత్రం అడగలేదురా!"

హరీదిమోస్ కోపంగా లేవబోయాడు. ఈలోగా ఎలెంగు వచ్చి మీద పడింది. "ఏమయ్యా, ఒట్టు పెట్టి నేనే నిన్ను చంపుకున్నా! తీగలు పీకొద్దు, లిమసోలూ వద్దు, నువ్వు లే, అదే చాలు!"

"మాట తప్పవుగా?" అంది దుప్పటి.

కేకలు కొండకు తగిలి తిరిగొచ్చాయి. సగం మంది అప్పటికే గట్టు దాటారు. హరీదిమోస్ దుప్పటితో సహా లేచి నిలబడి అరిచాడు. "పారిపోతే పారిపోండి గానీ, తలా ఒక బుట్ట ఎత్తుకుని పారిపోండి! వానొస్తోంది!"

అతను బతికే ఉన్నాడని తెలిశాక నల్లబట్టల జనం తిరిగొచ్చి ద్రాక్ష ఎత్తారు. అందరికన్నా ఎక్కువ బుట్టలు మోసింది ఎవెల్థోనే. చివరి బుట్ట కొట్టంలోకి చేరగానే వాన విరుచుకుపడింది.

"చచ్చినోడికిచ్చిన మాట బతికినోడికి చెల్లదు," అంది ఎలెంగు కళ్లు తుడుచుకుంటూ. కానీ అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

అప్పుడు యాకుమీస్ తడిసి ముద్దయి వచ్చాడు. వెనకాలే పాదిరిగారు.

"చావు గంట కొడతావురా?" అని హరీదిమోస్ విరుచుకుపడ్డాడు.

"నేనెక్కడ కొట్టాను బావా? చర్చికి తాళముంది. తాళంచెవి కోసం పాదిరిగారిని వెతుక్కుంటూ కింద ఊరికెళ్లా. ఇప్పుడేగా వస్తున్నాం. ఇంతకీ ఎవరు పోయారు?"

"తాళం తీసినా ఏం లాభం నాయనా," అన్నారు పాదిరిగారు. "గంట తాడు తెగి మూడు వారాలైంది."

హరీదిమోస్ తన కాళ్ల కింది నేల వైపు చూశాడు. మిగతా అందరూ చర్చి వైపు చూశారు. మంచు ఇంకా అక్కడే ఉంది.

ఆ ఆదివారం చర్చి పెద్దలు కూర్చుని, గంట తాడు లేకుండానే బాగా పనిచేస్తోంది కనక కొత్త తాడు అక్కర్లేదని తీర్మానించారు.