దొరసానికి లాడాలు తీయించిన రోజు

ఆ ఉదయం చెయ్యాల్సింది ఒక్కటే పని. దొరసాని అనే గుర్రానికి అరిగిన లాడాలు తీసి కొత్తవి వేయించాలి. మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ గారు వస్తారు. ఆవిడకు నచ్చితే బడి పిల్లలంతా ఇక్కడికే స్వారీ నేర్చుకోవడానికి వస్తారు. నచ్చకపోతే, భార్య ఇన్నేళ్లుగా ప్రాణం పెట్టి నడుపుతున్న స్వారీ పాఠశాల మూతపడుతుంది. లాడాలే కదా అని ఆవిడ ఆ పని భర్తకు అప్పగించింది. అదే ఆవిడ చేసిన పొరపాటు.

భర్తగారు మేధావి. ముందురోజు ఫోన్‌లో మూడు వీడియోలు చూశాడు కాబట్టి, గుర్రాల గురించి ఆయన తెలుసుకోవలసింది ఇక ఏమీ మిగల్లేదు.

"కొత్తవి వద్దు. ఉన్నవి పీకెయ్," అన్నాడు లాడాలు కొట్టే అతనితో. "అడవి గుర్రాలకు ఎవరు కొట్టారయ్యా లాడాలు? ఉత్త కాళ్లతో నడవడమే సహజం."

"ఇన్నాళ్లూ లాడాలతో నడిచింది సార్. ఒక్కసారిగా తీసేస్తే రాళ్లు గుచ్చుకుంటాయి. కొన్ని నెలలు మెత్తటి నేల మీద..."

"మెల్లగా అదే అలవాటవుతుంది."

"మీ గుర్రం, మీ ఇష్టం." అతను నాలుగు లాడాలూ ఊడబీకి, గిట్టల అంచులు నున్నగా అరగదీసి, పక్క ఊరికి బస్సెక్కాడు.

దొరసాని శాల గడప దాటి ఒక కాలు బయట పెట్టింది. వెంటనే వెనక్కి తీసుకుంది. శాలకూ, స్వారీ నేర్పే ఇసుక మైదానానికీ మధ్య వాకిలంతా గులకరాళ్లు. అందంగా ఉంటుందని కిందటి నెలే వాటిని పోయించిన మహానుభావుడు ఎవరో వేరే చెప్పాలా?

"ఏమండీ, అది కదలదేం?" వంటింటి కిటికీలోంచి అడిగింది భార్య.

"ఆలోచిస్తోందే!"

దానికి ధైర్యం చెబుదామని ఆయన తన చెప్పులు విప్పి, "చూడవే, ఇలా!" అంటూ రాళ్ల మీద నడిచి చూపించాడు. నాలుగడుగులకే "అబ్బా!" అని ఒంటికాలి మీద గెంతాడు. ప్రకృతి మీద నమ్మకం సడలలేదు గానీ, హాల్లో తివాచీ ఉందన్న సంగతి గుర్తొచ్చింది.

తివాచీ సగం దూరమే వచ్చింది. దాని తర్వాత దుప్పట్లు పరిచాడు. ఇంకా కాస్త మిగిలితే, అత్తగారు స్నానానికి వెళ్లిన అదను చూసి ఆవిడ పరుపు ఈడ్చుకొచ్చాడు.

దొరసాని వయ్యారంగా నడిచొచ్చి పరుపు మీద ఆగింది. గుర్రాలకు ఒక అలవాటుంది. గట్టి నేల మీద ఉచ్చ పోస్తే కాళ్ల మీద చిందుతుందని, మెత్తటి చోటు దొరికేదాకా ఆపుకుంటాయి. ఈ సంగతి ఆ మూడు వీడియోల్లోనూ లేదు. దొరసాని వెనక కాళ్లు ఎడంగా పెట్టి, హాయిగా కళ్లు మూసుకుంది.

"అయ్యయ్యో, నా పరుపు!" తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చింది అత్తగారు. "పరచడానికి మీ పరుపు లేదా అల్లుడుగారూ?"

"మీదే మెత్తగా ఉంది అత్తయ్యగారూ!"

ఆ వెనకే వచ్చిన భార్య గుర్రం కాళ్లు చూసింది. "లాడాలేవి? నా కొంప ముంచారు కదండీ!" అంది. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది. అంతలో గేటు చప్పుడైంది. అత్తగారు చటుక్కున తడి మీద ఒక దుప్పటి కప్పేసింది.

హెడ్మిస్ట్రెస్ గారు తివాచీ చూసింది, పరుపు చూసింది, ఆచితూచి పరుపు దిగుతున్న దొరసానిని చూసింది.

"దారంతా పరుపులా! పిల్లలు పడినా దెబ్బ తగలకూడదనా?"

నిజం చెప్పేద్దామని భర్త నోరు తెరిచాడు. స్వారీ బూటుతో భార్య ఆయన ఉత్త పాదాన్ని తొక్కింది.

"అవ్వ్... అవునండీ!"

"నిన్న చూసిన చోట గుర్రాలు గాల్లో ఎగురుతున్నాయి. ఇది చూడండి, ప్రతి అడుగూ ఆలోచించి వేస్తోంది! పిల్లల్ని సోమవారం నుంచే పంపిస్తాను. కాకపోతే మైదానం చుట్టూ కూడా పరుపులు ఉండాల్సిందే."

భార్య కళ్లు తుడుచుకుని సరేనంది. సాయంత్రానికల్లా గులకరాళ్లను భర్త చేతే ఎత్తించింది. ఇంట్లో ఒక్కటి తప్ప పరుపులన్నీ మైదానం చేరాయి. మిగిలిన ఒక్కటీ అత్తగారి గదిలోకి వెళ్లింది, తల్లికి తోడుగా భార్య కూడా వెళ్లింది.

"నడుం పట్టేస్తుందేమోనే," అన్నాడు భర్త, నేల మీద చాప పరుచుకుంటూ.

"ఉత్త నేల మీద పడుకోవడమే సహజమండీ. మెల్లగా అలవాటవుతుంది."

దొరసానికి ఏడాది తిరక్కుండానే అలవాటైంది. ఆయనకు ఇంకా కాలేదు.