ఎత్తబోతుండగా ఒక చిన్న విరామం

టీవీలో ఆట మంచి రసపట్టులో ఉన్నప్పుడు వచ్చే ప్రకటనలను తిట్టిపోసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. చేసిన మేలు మరిచే మనుషులు! ఆ ప్రకటనలే లేకపోతే ఎన్ని గుండెలు ఆగిపోయేవో ఎవరైనా ఆలోచించారా?

నమ్మరా? అయితే మా కింది వాటాలో ఉండే దర్జీ పిన్ని సంగతి వినండి.

పిన్నికి ఒక్కడే కొడుకు. చిన్నప్పటి నుంచీ వాణ్ణి అందరూ బక్కోడనే పిలుస్తారు. ఆ బక్కోడు తన బరువుకు రెండింతల ఇనుము నెత్తిమీదికి ఎత్తుతాడు. తక్కువ బరువువాళ్ల విభాగంలో ఎత్తీ ఎత్తీ, చివరికి నానా దేశాలవాళ్లూ వచ్చే ఆటల పోటీలకు వెళ్లాడు.

పిన్ని మాత్రం వాడు ఎత్తగా ఒక్కసారీ చూడలేదు. వాడు రానిస్తే కదా! "నువ్వు ఎదురుగా ఉంటే నా ధ్యాసంతా నీ మీదే ఉంటుందే అమ్మా, రావద్దు" అనేవాడు. ఈసారి ఆ బాధ లేదు. ఆవిడకు వాడు కనపడతాడు, వాడికి ఆవిడ కనపడదు. పిన్ని కత్తెర పక్కన పెట్టి, కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, టీవీకి ఎదురుగా పీట వేసుకుంది. రిమోటు ఆవిడ తమ్ముడి చేతిలో ఉంది. ఆయన లారీ డ్రైవరు, పగ్గాలు ఇంకొకరికి ఇవ్వడు. నేనూ వెళ్లి గుమ్మానికి చేరగిలబడ్డాను.

ఈ ఆటలో రెండు అంకాలు. మొదటి అంకాన్ని చానల్‌వాళ్లు చూపించనే లేదు. కోట్లు వేసుకున్న నలుగురు పెద్దమనుషులు స్టూడియోలో కూర్చుని దాని గురించి మాట్లాడారు. అదీ మన మంచికే. ఆట చూస్తూ కూర్చుంటే ఆట గురించి తెలుసుకునేదెప్పుడు?

రెండో అంకంలో ఒక్కొక్కరికీ మూడు అవకాశాలు. బక్కోడు వచ్చాడు. అరచేతులకు సుద్ద పూసుకున్నాడు. పిన్ని పీట ముందుకు జరుపుకుంది. వాడు వంగి కడ్డీ పట్టుకున్నాడు.

పట్టుకోగానే ఒక ముసలాయన మనవణ్ణి ఎత్తుకోబోయి "అబ్బా, నడుము!" అన్నాడు. నొప్పుల మందు ప్రకటన. కోడలు మందు రాసింది, ముసలాయన మనవణ్ణి ఎత్తుకున్నాడు, ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆట తిరిగొచ్చేసరికి, వేదిక దిగి లోపలికి వెళ్లిపోతున్న బక్కోడి వీపు కనపడింది.

"ఎత్తాడా?" అంది పిన్ని.

"ముసలాయనైతే ఎత్తాడక్కా" అన్నాడు తమ్ముడు.

చూశారా మేలు! కన్నకొడుకు నెత్తిమీద అంత ఇనుము ఊగుతుంటే ఏ తల్లి తట్టుకుంటుంది? డాక్టరు "కంగారు పడకండి" అని ఊరికే నోటితో చెబుతాడు. చానల్‌వాళ్లు కంగారు పడే వీలే లేకుండా చేస్తారు.

రెండోసారి వాడు వంగగానే నీళ్ల ట్యాంకు వచ్చింది. దానిమీదికి ఏనుగు ఎక్కింది. ట్యాంకు చెక్కుచెదరలేదు. ఏనుగు ముందు బక్కోడి ఇనుమెంత? తల్లికి ఎంత ధైర్యం! తిరిగొచ్చేసరికి మళ్లీ వీపే.

మూడోసారికి పిన్ని లేచి నిలబడి టీవీకి రెండు చేతులూ జోడించింది.

"బాబ్బాబు, ఈ ఒక్కసారికి ఆగండయ్యా! మీ మందు డబ్బా నేను కొనుక్కుంటాలే."

బక్కోడు వంగాడు. వెంటనే ముసలాయనా వంగాడు. "అబ్బా, నడుము!"

"నీ నడుము విరగ!" అంది పిన్ని. ఆవిడ నోట అంత మాట నేనెప్పుడూ వినలేదు.

వాడికి కాంస్య పతకం వచ్చిందట. స్టూడియో పెద్దమనుషులు చెప్పారు. కాసేపటికి వాడే ఫోన్ చేశాడు.

"చూశావా అమ్మా?"

"చూశాన్రా నాన్నా, కళ్లారా చూశాను" అంటూ పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంది. ఆనందబాష్పాలని నేను రాసుకున్నాను.

తర్వాత తమ్ముడు ఫోన్‌లో వెతికి వెతికి ఆ వీడియో పట్టుకున్నాడు. నొక్కితే తెర నల్లబడి, మీరున్న చోట చూపించే హక్కులు లేవని చెప్పింది. తల్లికి లేని హక్కు ఎవరికి ఉందో అందులో రాయలేదు.

అయినా ప్రకటనల దయ అక్కడితో ఆగిందా? నొప్పుల మందు కంపెనీవాళ్లే వెతుక్కుంటూ వచ్చి, ముసలాయన బదులు బక్కోణ్ణి పెట్టుకున్నారు. ఇప్పుడు వాడు మందు రాసుకుని, నల్లరంగు పూసిన అట్టచక్రాలను నవ్వుతూ ఎత్తుతున్నాడు. కడ్డీ పట్టుకున్న దగ్గర్నుంచి దించేదాకా ఎక్కడా కోత లేదు. ప్రకటనల మధ్యలో ప్రకటనలు రావు మరి! తల్లి కోరిక తీరిందా, లేదా?

నా వాదన ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. కానీ నిన్న సాయంత్రం ఇంకేదో పోటీ వచ్చింది. ఏ దేశపు కుర్రాడో, మా బక్కోడికంటే బక్కగా ఉన్నాడు. సుద్ద పూసుకుని వచ్చి వంగాడు. పిన్ని కుట్టుమిషన్ ఆపింది. కడ్డీ నేల విడుస్తుందనగా బక్కోడు వచ్చి "అబ్బా, నడుము!" అన్నాడు.

పిన్ని చివాలున లేచింది.

"తప్పుకోరా అడ్డం! ఆ పిల్లాణ్ణి చూడనీ. వాళ్లమ్మ ఎక్కడో కూర్చుని ఉంటుంది!"

వాడు తప్పుకోలేదు. నవ్వుతూ మందు రాసుకుంటున్నాడు.