ఛాతీ దాకా పొగాకు

ఆ ఉదయం రైతు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి వ్యవసాయాధికారి వస్తాడు, పొగాకు చేలో నిలబెట్టి ఫోటో తీస్తాడు, ప్రభుత్వ సాయం మంజూరవుతుంది, ఆ డబ్బుతో ఆకు ఆరబెట్టే బ్యారన్‌కి కొత్త కప్పు పడుతుంది. కప్పు లేకపోతే ఈ ఏడు కోసిన ఆకంతా కుళ్ళిపోవడమే. చిక్కల్లా ఒకటే. వానల్లేక మొక్కలు మోకాలి దగ్గరే ఆగిపోయాయి.

"మోకాలెత్తు పంటకి సాయం ఎవరిస్తారు బావా? ఛాతీ దాకా కనపడాలి," అన్నాడు బావమరిది. ఆఫీసు గోడకి అంటించిన నోటీసు చదివొచ్చింది అతనే. చదివింది పై రెండు లైన్లే. మిగతావి ఎండలో నిలబడి చదవాల్సి వచ్చేదట.

"మొక్కని లాగి పెంచుతామా ఏంటి?"

"మొక్కని పెంచలేం. నువ్వు తగ్గు."

అలా చేను నడుమ గొయ్యి పడింది. తవ్వింది రైతు. గట్టు మీద కూర్చుని "ఇంకాస్త, ఇంకాస్త" అన్నది బావమరిది. అక్క ఇంట్లో మూడేళ్ళుగా తింటున్నా పార ముట్టిన పాపాన పోలేదు మహానుభావుడు.

పదింటికి రైతు ఆ గోతిలో దిగి నిలబడ్డాడు. అధికారి గట్టు మీదనుంచే ఫోటో తీసి, పంటని చూసి మురిసిపోయి, అక్కడికక్కడే పై ఆఫీసుకి పంపేశాడు. "ఇలా వచ్చి పంట చూపించినట్టు సంతకం పెట్టండి," అన్నాడు.

గోతిలో రైతు కదల్లేదు. బావమరిదే అందుకున్నాడు. "బావకి నడుం పట్టేసిందండీ."

"పాపం, నేనే వస్తాలెండి."

"వద్దండీ, ఇప్పుడే పురుగుమందు కొట్టాం."

"నడుం పట్టేసిన మనిషిని మందు కొట్టిన చేలో నిలబెట్టారా?" అధికారి ముఖం పాలిపోయింది. ఇంటివైపు తిరిగి, మనిషికి ప్రాణం మీదికొచ్చింది, ఎవరైనా రండని కేకలు పెట్టాడు. రైతు భార్య తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, మీ కాళ్ళేవండీ?" అని బావురుమంది. అధికారీ ఆవిడా చెరో రెక్కా పట్టి లాగారు. రైతు పైకి వస్తున్నకొద్దీ పంట కుదించుకుపోయి, ఎప్పటిలాగే మోకాలి దగ్గర ఆగింది.

"ఎందుకు చేశారీ పని?" అన్నాడు అధికారి.

"ఏపుగా ఎదిగిన పంటకే సాయమన్నారని..."

"ఎదగని పంటకండీ సాయం. నోటీసులో మూడో లైను."

"అయితే మళ్ళీ తీయండి. ఇదిగో, మోకాలే."

"పంపిన ఫోటో వెనక్కి రాదు. పై ఆఫీసు లెక్కలో ఈ చుట్టుపక్కల మీ అంత పంట ఎవరికీ పండలేదు."

రైతు గట్టు మీద కూలబడ్డాడు. "నోటి దగ్గర కూడు నేనే కాలదన్నుకున్నానే, ఇక బ్యారన్‌కి కప్పు లేనట్టే," అన్నాడు భార్యతో. ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఆకాశం వైపు చూశాడు.

వాళ్ళ అవస్థ చూడలేక అధికారి గోతిలోకి తొంగి చూశాడు. "వాన నీరు పట్టే ఇంకుడు గుంతకి వేరే సాయం ఉంది. మీ కప్పుకి సరిపోతుంది. కాకపోతే మనిషి మెడలోతు ఉండాలి. ఇది నడుములోతే. తవ్వుతుండగా ఒక ఫోటో, తవ్వాక ఒకటి కావాలి."

బావమరిది ముఖం వెలిగింది. "బావా, నువ్వు గోతిలో కాస్త మోకాళ్ళ మీద కూర్చుంటే..."

అక్క మాట పూర్తి కానివ్వలేదు. పార తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. "దిగు."

సాయంత్రానికి గుంత మెడలోతుకి చేరింది. నెల తిరక్కుండా బ్యారన్‌కి కప్పు పడింది. బావమరిది పొలం పని చేశాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు గానీ, ప్రభుత్వం దగ్గర ఫోటో ఉంది.