పన్నెండు శాఖలూ ఒక పొయ్యీ

కళ్ళద్దాల షాపాయన్ని వీధిలో అందరూ రేపుగారంటారు. ఫ్రేము విరిగినా, గాజు వదులైనా, స్క్రూ ఊడినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "రేపు రండి." ఇంట్లో ఆ మాట చెల్లదు. ఇంట్లో ఉన్నది కస్టమరు కాదు, భార్య.

ఆవిడ ముందుగదిలో మిషను వేసుకుని బట్టలు కుడుతుంది. ఈసారి ఒక బడివాళ్ళు పిల్లల యూనిఫారాలన్నీ ఆవిడకే ఇచ్చారు. వేళకి అందిస్తే ఏటా ఆ ఆర్డరు ఆవిడదే. ఆలస్యమైతే పైవీధి టైలరు కాచుకుని ఉన్నాడు. అందుకని ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసుతోపాటు సంగతి కూడా ఆయన చేతిలో పెట్టింది.

"సాయంత్రం వంటా, అంట్లూ ఇకనుంచి మీవి."

"నాకు షాపు లేదూ?"

"షాపు ఆరింటికే మూస్తారు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని చేసేది వ్యాపారమా?"

వ్యాపారం కాదు. పక్క షాపు తాళాలాయనతో కలిసి దారినపోయేవాళ్ళ నడకలకి వంకలు పెట్టడం. ఆ సుఖం పోతుందన్న దిగులుతో రేపుగారు షాపులో కూర్చుని ఉండగా అరబ్బీ మాస్టారు వచ్చారు. ఆయన కళ్ళజోడు అప్పటికి చాలా రేపులుగా అక్కడే పడి ఉంది.

"తొందరేం లేదు బాబూ," అన్నారు మాస్టారు. "ఓపిక నాకు అలవాటే. మా చదువే అలాంటిది. భాష ఒకటే గానీ, దాన్ని నేర్చుకునే శాస్త్రాలు పాతకాలపు లెక్కలో పన్నెండు శాఖలు. దేనికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం."

ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం. ఇంత మంచి మాట రేపుగారు తన వృత్తిలో కూడా వినలేదు. అక్కడికక్కడే కళ్ళజోడు బాగుచేసి చేతికిచ్చి, తనని శిష్యుడిగా చేర్చుకోమని అడిగారు. ఆ షాపులో "ఇదిగో, అయిపోయింది" అన్న మాట వినబడటం అదే మొదలు. అరుగు మీది తాళాలాయన లేచి నిలబడ్డాడు.

"ఇకనుంచి సాయంత్రాలు నాకు అరబ్బీ పాఠం," అన్నారు ఇంటికొచ్చి.

"మీకు చిన్నప్పుడే ఖురాను చదవడం వచ్చుగా?" అంది భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"కూడబలుక్కుని చదవడం వేరు, అర్థం తెలియడం వేరు. మాట రూపాలకి సర్ఫ్, వాక్యానికి నహ్వ్, చెప్పే తీరుకి బలాగత్, పద్యం నడకకి అరూజ్, ప్రాసకి ఖాఫియా..."

"కూరగాయలు తరగడం ఏ శాఖలోకి వస్తుంది?"

"వెటకారం వద్దు. మొత్తం పన్నెండు. శాఖకి ఏడాది అనుకో."

"రెండో ఎక్కానికే వీడికి ఏడాది పట్టింది," అంది ఆయన తల్లి, మూల కుర్చీలోంచి. "నువ్వు శాఖకి రెండేళ్ళు వేసుకో తల్లీ."

"చదువుకి అడ్డం రాకూడదమ్మా," అన్నారు రేపుగారు.

భార్య అడ్డం రాలేదు. "మంచిదే. మాస్టార్ని మనింటికే రమ్మనండి," అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆవిడ అంత సులువుగా ఒప్పుకున్నందుకు ఆయన భయపడాల్సింది. పాపం, సంతోషపడ్డారు. ఆయన పథకం ప్రకారం పాఠం అరగంట, ఆ పైన లోపలి గదిలో తలుపేసుకుని వల్లెవేత. ఆ వల్లెవేతకి కావలసిన దిండు కూడా ముందే సర్ది ఉంచారు.

మొదటి పాఠం సర్ఫ్‌లో 'నసర' అనే క్రియ. సాయం చేశాడు అని అర్థం. అతను సాయం చేశాడు, వాళ్ళిద్దరూ చేశారు, ఆమె చేసింది, నువ్వు చేశావు, ఇలా పద్నాలుగు రూపాలు. చివరికి వచ్చేసరికి లోకమంతా సాయం చేసేసింది, ఒక్క శిష్యుడు తప్ప. 'నేను సాయం చేశాను' అన్నది ఎంతకీ ఆయన నాలుక మీదికి రాలేదు.

"అలవాటు లేని మాట," అంది మిషను దగ్గర్నుంచి భార్య. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "పాఠం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది.

"పాతపద్ధతి ఒకటుందమ్మా. నేర్చుకున్న పాఠాన్ని శిష్యుడు ఇంకొకరికి పైకి అప్పజెప్పాలి. వినేవాళ్ళు తమకి అర్థమైంది అన్నదాకా నేను కొత్త పాఠం చెప్పను."

"వినేవాళ్ళకి అరబ్బీ వచ్చి ఉండాలా?"

"రాకపోతేనే మంచిది. దాక్కోవడానికి చోటుండదు."

"అయితే నేనున్నాను," అంది భార్య.

మర్నాడు సాయంత్రం అప్పగింత మొదలైంది. రెండు రూపాలు కూడా కాకముందే ఆవిడ చెయ్యెత్తింది.

"ఒక్క నిమిషం. పొయ్యి మీద పాలున్నాయి. ప్రాణమంతా అక్కడే ఉంటే మీ పాఠం నా బుర్రకెలా ఎక్కుతుంది? మీరు కాస్త అటు నిలబడి చెప్పండి, నేను మనసుపెట్టి వింటాను."

న్యాయంగానే తోచింది. ఆయన పాల దగ్గర నిలబడ్డారు. మర్నాడు పాల పక్కకి కూర వచ్చింది. ఆ మర్నాటికి కూర పక్కకి కత్తిపీట వచ్చింది. వారం తిరిగేసరికి, పాఠం మధ్యలో ఆగకూడదన్న కారణం మీద, అంట్లు కూడా సర్ఫ్‌లోకి చేరాయి.

ఆయన రూపానికి రూపానికీ మధ్య ఉప్పు వేసేవారు. ఒక రూపం మర్చిపోతే మళ్ళీ మొదటికి వెళ్ళేవారు, ఉప్పు కూడా మొదటి నుంచి పడేది. ఆయన తల్లి ఒక ముద్ద నోట పెట్టుకుని, "భాష బాగానే ఉంది గానీ నీళ్ళివ్వండి," అంది. పక్కింటావిడ కిటికీలోంచి అంతా విని, మాస్టారి దగ్గర ఇంకొకరికి ఖాళీ ఉందేమో కనుక్కోమంది. తనకీ ఒక భర్త ఉన్నాడుట.

రోజూ చివర ఆయన ఆశగా అడిగేవారు. "అర్థమైందా?"

"సగం," అనేది భార్య, కాలరు కుడుతూ.

చివరికి ఆయన వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి, మాస్టారి ముందే పంచాయితీ పెట్టారు. "మాస్టారూ, ఈవిడ కావాలనే అర్థం కాలేదంటోంది."

"కావాలని ఎందుకంటానండీ," అంది భార్య. "నిన్న చెప్పినట్టు ఇవాళ చెప్పరు. ఇవాళ చెప్పినట్టు రేపు చెప్పరు. ఏది పట్టుకోను?"

"ఒకరోజు పాటలా ఉంటుంది, ఒకరోజు తుమ్ములా ఉంటుంది," అని తల్లి సాక్ష్యం చెప్పింది.

మాస్టారు తల పంకించారు. "వినేవారు అన్నదే తీర్పు బాబూ. మన చేతుల్లో లేదు."

రేపుగారికి ఒళ్ళు మండింది. "అయితే నేనీ చదువు మానేస్తున్నాను."

మిషను ఆగింది. గుట్టగా ఉన్న నీలం చొక్కాల మీదుగా భార్య ఆయన్ని చూసింది. కోపంగా కాదు, కొలతలు తీసుకునేటప్పుడు చూసినట్టు.

"మీ ఇష్టమండీ. నేను చదవమనలేదు, మానమననూ లేదు. చదువు ఉంటే పాఠం చెప్పుకుంటూ వండుతారు. లేకపోతే ఊరికే వండుతారు. నాకింకా సగం చొక్కాలున్నాయి."

మిషను మళ్ళీ మొదలైంది. రేపుగారు గుమ్మంలో నిలబడి రెండు దారులూ చూసుకున్నారు. రెండూ వంటింట్లోకే వెళ్తున్నాయి. ఒకదాంట్లో మాత్రం మాట్లాడటానికి మనిషంటూ ఒకరున్నారు.

మాస్టారు అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. "మరి సెలవా బాబూ?"

రేపుగారు గబగబా లోపలికెళ్ళి మంట తగ్గించి, పొయ్యి పక్కన పీట వేశారు.

"ఇలా వచ్చి కూర్చుని చెప్పండి మాస్టారూ," అన్నారు. "నేనక్కడికొస్తే కూర మాడిపోతుంది."