ఆరో నంబరు గొట్టం

పదిన్నరకి అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆపరేషన్ అయిన కంటికి ఆ రోజు కట్టు విప్పుతారు. ఆలోపు పాత కారుకి గొట్టాలు మార్చేద్దామని లైబ్రేరియన్ పొద్దున్నే బానెట్ ఎత్తాడు. ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని బ్రేకుకూ మిగతా భాగాలకూ చేరవేసే సన్నటి రబ్బరు గొట్టాలవి. వయసు మీదపడి పగిలి, బండి ఆగినచోటల్లా బుసకొడుతున్నాయి. వీధి చివరి మెకానిక్ గంటలో మార్చేస్తానన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే లోపల ఇంకేదో కాజేసే ఎత్తేమోనని ఈయన అనుమానం. పుస్తకాలు పట్టుకెళ్లి తిరిగివ్వనివాళ్లను ఇరవై ఏళ్లుగా చూసిచూసి, సొంత నీడ చేత కూడా సంతకం పెట్టించుకునే స్థితికి వచ్చాడు.

కొని తెచ్చిన కొత్త గొట్టాన్ని ఇవే కొలతలకు కోయాలని పాతవన్నీ ఊడదీసి, పుస్తకాలకు వేసినట్టే ఒక్కోదానికీ నంబరు చీటీ దారంతో కట్టి, వరండాలో బేసిన్‌లో వేశాడు. కాఫీ తాగి వచ్చి చూస్తే ఒకటి నుంచి అయిదు దాకా ఉన్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉన్నాయి. ఆరు లేదు.

వరండాలో అత్తగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"ఇటు ఎవరైనా వచ్చారా అండీ?"

"కంటికి కట్టుంది కదా నాయనా, నాకేం తెలుస్తుంది?"

కట్టు ఒక కంటికే ఉంది. రెండోది నిక్షేపంగా ఉంది. ఆ సంగతి మనసులో రాసుకుని లోపలికి నడిచాడు.

"మీ తమ్ముడు ఎప్పుడొచ్చాడు?" అని భార్యను అడిగాడు.

"ఇందాకే. అమ్మకి బీపీ చూడ్డానికి. స్నానం చేస్తున్నాడు. ఏం?"

"ఏం లేదు."

బావమరిది ఆసుపత్రిలో నర్సు. అతని సంచి కుర్చీలో సగం తెరిచి ఉంది. అందులోంచి నల్లటి రబ్బరు గొట్టం తొంగిచూస్తోంది. లాగితే చివర ఒక రబ్బరు బంతి కూడా వచ్చింది. ఆనవాలు దొరక్కుండా తగిలించాడన్నమాట. కత్తెర తెచ్చి బంతిని కోసేశాడు.

బావమరిది తువ్వాలుతో బయటకొచ్చి నిలబడిపోయాడు.

"బావగారూ, బీపీ మిషన్ కోసేశారేంటి?"

"మరి ఆరో నంబరేది?"

"దేనికి ఆరో నంబరు?"

"ఇలా తెలియనట్టు అడిగేవాళ్లతోనే నా ఉద్యోగం."

"మీ కారు గొట్టం మావాడేం చేసుకుంటాడండీ, మెడలో వేసుకుంటాడా?" అంది భార్య.

"వాళ్లు మెడలో వేసుకునేవి గొట్టాలే."

బావమరిది సంచి సర్దుకోసాగాడు. భార్య వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టసాగింది. తనకు బీపీ పెరుగుతోందని అత్తగారు అన్నారు. చూసే దారి లేకపోయింది.

తొమ్మిదిన్నర దాటింది. అప్పుడు తట్టింది లైబ్రేరియన్‌కి, ఏడింటికి మెకానిక్ గేటు దగ్గర స్కూటర్ ఆపి పలకరించాడని. ఊరికే ఎవరు పలకరిస్తారు? ఫోన్ చేసి, "మర్యాదగా మా గొట్టం పట్టుకురా" అన్నాడు.

మెకానిక్ అయిదు నిమిషాల్లో వచ్చాడు, గొట్టం లేకుండా. వంగి ఇంజిన్ చూశాడు.

"అన్నీ ఒకేసారి పీకేశారా? ఒకటి తీసి, దాని చోట కొత్తది పెట్టి, తర్వాతది తీయాలి సార్. ఇక్కడ ఖాళీగా ఉన్న మూతులు పదహారు, అంటే గొట్టాలు ఎనిమిది. మీరెన్ని తీశారు?"

"తొమ్మిది."

"చేత్తో లెక్కపెట్టండి."

చేత్తో లెక్కపెడితే ఎనిమిదే వచ్చాయి. మెకానిక్ తొమ్మిదో నంబరు చీటీని పట్టుకుని దారం మీదే తలకిందులు చేశాడు. ఆరు దొరికింది.

ఎవరూ నవ్వలేదు. అదే ఇబ్బందిగా అనిపించింది లైబ్రేరియన్‌కి. మెకానిక్ కొత్త గొట్టాలు కోసి, తొడిగి, స్టార్ట్ చేశాడు. బుస లేదు. బ్రేకు కూడా తొక్కి చూశాడు. భార్య తన తల్లిని వెనక సీట్లో ఎక్కించి, తమ్ముడి చేతిలో సంచి లాక్కుని అతన్ని ఆమె పక్కన కూర్చోబెట్టింది.

"బండి మీరే నడపండి బాబూ," అంది మెకానిక్‌తో. "ఈయన ఇంట్లోనే ఉంటారు."

మెకానిక్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎనిమిదీ ఉన్నాయి సార్. నమ్మకం లేకపోతే బానెట్ ఎత్తి చూసుకోండి."

లైబ్రేరియన్ ఎత్తి చూసుకున్నాడు.