రెండంగుళాలు పైకెక్కిన విండ్‌షీల్డ్

ఆదివారం ఉదయం లెక్కల మాస్టారు పెట్టుకున్నది పది నిమిషాల పని. కంటి ఆపరేషనైన మామగారిని పదింటికి డాక్టరుకు చూపించాలి. దారిలో ఆయన కంటికి గాలి కొట్టకుండా బండి విండ్‌షీల్డును కాస్త పైకి జరపాలి. నాలుగు బోల్టులు వదులు చేశాడు, అద్దాన్ని రెండంగుళాలు ఎత్తాడు, బిగించాడు. లెక్క సరిపోయిందనుకున్నాడు.

గాలి లెక్క వేరు. పెద్దరోడ్డెక్కగానే, అదివరకు ఛాతీకి తగిలే గాలి అద్దం అంచు మీదుగా లేచి సరిగ్గా అతని హెల్మెట్ మీద దరువు వేయసాగింది. మాస్టారు తనలో తాను గొణుక్కుంటున్నాననుకున్నాడు గానీ, ఆ హోరులో అరుస్తున్నాడు.

"పైకెక్కించడమే నా బుద్ధితక్కువ! లేని తలనొప్పి కొనితెచ్చుకున్నాను. ఇక్కడే దించేస్తే పీడ వదిలిపోతుంది!"

వెనక కూర్చున్న మామగారు రిటైరైన పోస్టుమాస్టరు. రెండోసారి చెప్పించుకునే మనిషి కాదు. సిగ్నల్ దగ్గర బండి ఆగగానే చప్పుడు చేయకుండా దిగిపోయాడు. తల అదురుతున్న అల్లుడికి ఆ సంగతే తెలియలేదు.

ఆస్పత్రి ముందు "నెమ్మదిగా దిగండి మామయ్యగారూ," అంటూ చెయ్యి చాచాడు. సీటు ఖాళీ! వెంటనే భార్యకు ఫోన్ చేశాడు.

"మీ నాన్నగారు బండి మీద లేరు!"

"అయ్యో! మా నాన్నని ఎక్కడ పడేశారండీ?"

ఆవిడ ఏడుపు విని పక్కింటి నర్సు అంబులెన్సును పిలిచింది. అది కూతలు పెడుతూ, సిగ్నల్ పక్కనున్న బస్‌స్టాపులో కూర్చున్న మామగారి ముందునుంచే వెళ్ళిపోయింది. ఎవరికో పాపం, అనుకున్నాడాయన.

వెతుక్కుంటూ వెనక్కి వచ్చిన మాస్టారు, దుమ్ము పడకుండా కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న పెద్దాయనను చూసి నీరుగారిపోయాడు.

"దించేస్తే పీడ వదిలిపోతుందన్నావుగా, దిగిపోయాను."

"నేనన్నది అద్దాన్ని మామయ్యగారూ! మీ కంటికి గాలి తగలకూడదనే పైకెక్కించాను. మిమ్మల్ని అంత మాట అంటానా?"

మామగారు కంటికి అడ్డం పెట్టిన చెయ్యి దించాడు.

"తొందరపడ్డాను బాబూ. ఇందాక అమ్మాయి ఫోన్ చేసింది. ఆ ఉక్రోషంలో... నువ్వు సిగరెట్లు మానలేదని చెప్పేశాను."

మాస్టారు ఆయన పక్కన చతికిలబడ్డాడు. "ఆరేళ్ళు కడుపులో దాచుకున్నారు కదండీ!"

"అన్నాళ్ళూ దాచినందుకు నన్నూ ఉతికేసింది."

మాస్టారికి కోపం రాలేదు. అరిచేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఒక్క మాట అడిగి దిగి ఉంటే బాగుండేదని మామగారికీ అనిపించినట్టుంది. అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

డాక్టరు ఇచ్చిన పదింటి టైము ఎలాగూ దాటిపోయింది. ఇంటికి వెళ్దామని ముందుగా అనే ధైర్యం ఎవరికీ లేక, ఇద్దరూ వచ్చేపోయే బస్సుల నంబర్లు చదువుతూ కూర్చున్నారు.