ఎనభై వేల మందికి నాలుగో జ్వరం

పల్లెకూ పట్నానికీ తేడా లేకుండా చేస్తామని జిల్లా ప్రణాళికా మండలి చెప్పింది, చేసింది, ఆ పనిలో నా పంట చచ్చింది. ఇది ఆరోపణ కాదు. ఆరోపణకు విచారణ ఉంటుంది, విచారణకు కమిటీ ఉంటుంది, కమిటీకి టీ, బిస్కెట్లు ఉంటాయి. ఇది జరిగిపోయిన పని.

మండలి పూర్తి పేరు గ్రామీణ పట్టణ సమ్మిళిత వికేంద్రీకృత ప్రణాళికా మండలి. (పేరు పట్టక బోర్డులో చివరి రెండు మాటలు గోడ మలుపు తిరిగి పక్క వీధిలో ఉన్నాయి.) వికేంద్రీకరణ అంటే అధికారం ఒకచోట ఉండకపోవడం. అందుకని సంతకం పెట్టేవారిని పెనుకొండలో, ముద్రను ధర్మవరంలో, వాహనాలను హిందూపురంలో పెట్టారు. ఈ మూడు ఊళ్లలో ఎక్కడికి పోయినా అధికారం అక్కడ లేదనే చెబుతారు. కాబట్టి ఆ లక్ష్యం నూటికి నూరుపాళ్లు నెరవేరినట్టే.

ప్రణాళిక కింది నుంచి పైకి పోవాలన్నది మండలి మొదటి సూత్రం. కింద అంటే మేము. మాది చిన్నగువ్వలపల్లి. హిందూపురానికీ పెనుకొండకూ నడుమ, రైలు గేటు అవతల ఉంటుంది. గొర్రెలు, వేరుశనగ, కాస్త నీళ్లున్న చోట మల్బరీ. నాకు ఎకరన్నర మల్బరీ తోట, ఒక షెడ్డు. షెడ్డులో పట్టుపురుగులు మేపి, అవి గూళ్లు కట్టినాక హిందూపురం మార్కెట్టుకు వేసుకుపోతాను. ఆ షెడ్డు నా భార్య నాగమణిది. ఆమె చేతిలో ఒక్క పంట చెడలేదు. ఆమె పోయి మూడేళ్లయింది. నా చేతిలోనూ ఒక్కటి చెడలేదు. ఆ వరస తెగకుండా చూసుకోవడం తప్ప నేను వేరే పని పెట్టుకోలేదు.

పట్టుపురుగుల సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. దాన్ని మేము జ్వరం అంటాం. మొదటి జ్వరం, రెండో జ్వరం, అట్లా నాలుగు. నాలుగో జ్వరం లేచిందంటే రైతుకు ధైర్యం. ఇక వారం రోజులు రాత్రీ పగలూ మేసి గూడు కడుతుంది. మా వీధిలో ఎదురుపడిన మనిషి మొదట అడిగేది “బాగుండావా” అని కాదు, “ఏ జ్వరం?” అని.

ధర్మవరానికి ఈ మాట తెలియదు. అక్కడికి చేరేసరికి పట్టు దారమై ఉంటుంది. దారానికి జ్వరం రాదు. జనాభా, ఆరోగ్య సర్వేకు మండలి పంపిన పవన్ కుమార్ ధర్మవరం వాడు. మెడలో మండలి కార్డు, చేతిలో ట్యాబ్. నేను తోటలో ఆకు కోస్తున్నాను. షెడ్డు దగ్గర యల్లక్క ఉంది. మా పక్కింటామె, మేతకు సాయం వస్తుంది. ఆమె అతన్ని గడప దాటనివ్వలేదు. కొత్తవాళ్లు లోపలికి వస్తే పురుగులకు రోగం తగులుతుంది. జరిగిన సంభాషణ తర్వాత ఆమె నాకు చెప్పింది.

“జ్వరాలేమైనా ఉన్నాయా అమ్మా?” అన్నాడట అతను.

“ఉండాయప్పా. నాలుగోది. రేపు పొద్దన్నే లేస్తాయి.”

“ఎంతమందికి?”

“అన్నిటికీ ఒగేసారి. ఒగటి లేసి ఒగటి లేయకపోతే మనకు కష్టం కదప్పా.”

“మొత్తం ఎంతమంది ఉంటారు?”

“ఎనభై వేలుంటాయి. ఎలుకలు తినిపోయినవి పోంగా.”

పవన్ కుమార్ అది కూడా ట్యాబ్‌లో ఎక్కించుకున్నాడు. (ఎలుకల బెడద: ఉంది.)

“తిండి తింటున్నారా?”

“జ్వరంలో యాడ తింటాయప్పా! తల పైకెత్తుకోని అట్లనే ఉండాయి. లేసినాక సూడు, తింటానే ఉంటాయి.”

“అందరూ ఇక్కడే పడుకుంటారా? ఈ ఒక్క షెడ్డులో?”

“ఇంగ యాడ పడుకుంటాయి, మీ ఇంట్లోనా? ఎనక్కి పో నాయనా, నీ చెప్పులకుండే రోగాలన్నీ వీటికి అంటుకుంటాయి.”

మనుషుల గురించి ‘లేస్తాయి’, ‘తింటాయి’ అంటూ ఉంటే పవన్ కుమార్‌కు అనుమానం రాలేదు. మండలిలో మా గురించి ఎప్పుడూ అట్లాగే మాట్లాడుకుంటారు.

యాభై వేల జనాభా దాటిన ఊరు తనంతట తానే పట్టణమవుతుందని మండలి నిబంధన. మధ్యలో మనిషి కల్పించుకోవాల్సిన పని లేదు. ఆ రోజు మేము పొద్దు గూకేదాకా పల్లెవాళ్లం, గూకాక పట్నవాసులం. పెనుకొండలో ఆ అంకె చూసి చప్పట్లు కొట్టారని విన్నాను. ఆరువందల జనం ఉన్న ఊళ్లో ఎనభై వేల మంది ఉన్నారంటే, పట్నాలకు వలస పోయినవాళ్లంతా పల్లెకు తిరిగొచ్చారని అర్థమట. ప్రణాళిక రాయకముందే ఫలించింది. ఇట్లా ఫలించిన ప్రణాళికను ఇక రాయడం దండగ అని ఒకరిద్దరు అన్నారట. వారిని ధర్మవరానికి, ముద్ర దగ్గరికి బదిలీ చేశారు.

ఆ తర్వాత పనులు మేమెన్నడూ చూడని వేగంతో జరిగాయి. ‘గువ్వలపురం నగరానికి స్వాగతం’ అని కమాను లేచింది. (పేరులో పల్లి ఉంటే అభివృద్ధి సూచిక పడిపోతుంది.) గొర్రెలు రోడ్డు దాటే చోట సిగ్నల్ లైటు పెట్టారు. ఎర్ర లైటుకు గొర్రెలు ఆగలేదు. వాటికి అవగాహన సదస్సు నిర్వహించారు. గొర్రెలు శ్రద్ధగా విన్నాయని నివేదికలో ఉంది. నా మల్బరీ తోట పటంలో పచ్చగా కనబడటంతో దాన్ని నగర ఉద్యానవనం చేసి, గట్టు మీద ‘ఆకులు కోయరాదు’ అని బోర్డు పాతారు.

“ఏం చేద్దాం యల్లక్కా?” అన్నాను.

“బోర్డు మొగం రోడ్డు దిక్కుకు ఉండాది. మనం ఎనకాల నుంచి కోసుకుందాం పా. ఎనకాల ఏమీ రాసిలేదు.”

కోసుకున్నాం. పురుగులు నాలుగో జ్వరం లేచి, వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ మేస్తున్నాయి. అంతవరకు నాకు మండలితో ఏ గొడవా లేదు. కమాను వల్ల నాకు నష్టం లేదు.

అప్పుడు జ్వరం సంగతి పైనుంచి కిందికి వచ్చింది. మండలి జాబితాలో జ్వరాలు మూడే ఉన్నాయి. నాలుగో గడి ఎప్పటి నుంచో ఖాళీ. అందులో ఇప్పుడు ఎనభై వేలు నిండింది. పట్టణంలో జ్వరం వస్తే దోమలు చచ్చేటట్టు మందు పొగ వదిలే పొగబండి పంపాలి. పంపుతున్నామని ఊళ్లో దండోరా వేశారు.

పొగబండి గురించి నాకు కొంత తెలుసు. మూడేళ్ల కింద వానలప్పుడు నాగమణికి దోమల జ్వరం పట్టింది. వీధిలో ఇంకా నలుగురు పడకేశారు. రైలు గేటుకు ఆ పక్కనుండే పట్నంలో పొగబండి తిరుగుతుంటే నేనే పోయి అడిగాను. గేటు దాకా వచ్చి ఆగింది. పట్నం గేటు దగ్గర అయిపోతుందని, దోమలకు ఆ సంగతి తెలియకపోతే తామేం చేయలేమని చెప్పారు. బండి తిప్పుకుని పోయింది. నాగమణి బతకలేదు. అప్పుడు మాది పల్లె.

పట్టుపురుగుకు ఆ పొగ విషం. పక్క పొలంలో మందు కొడితేనే గాలికి చస్తుంది. నేను బస్సెక్కి పెనుకొండ పోయాను. అక్కడ సమ్మిళిత అధికారి ఉషారాణి గారు కూర్చుని ఉన్నారు. మర్యాదస్తురాలు. నాకు కుర్చీ చూపించారు.

“మేడమ్, అవి మనుషులు కారు, పురుగులు” అన్నాను.

ఆమె ముఖం చిన్నబుచ్చుకుంది. “ఎవరినీ అట్లా అనకూడదు పెద్దాయనా. పేదవాళ్లయినంత మాత్రాన వాళ్లూ పౌరులే.”

“పట్టుపురుగులు మేడమ్. గూళ్లు కట్టేటివి.”

“గృహనిర్మాణ రంగం” అని ఆమె రాసుకుంది.

“ఆకు తింటాయి. మా షెడ్డులో ఉండాయి. వచ్చి సూడండి.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “సరే, అంకె తగ్గిద్దాం. తగ్గించాలంటే రెండే దారులు. ఎనభై వేల మరణ ధ్రువపత్రాలు తేవాలి. లేదా వాళ్లు వేరే ఊరికి వెళ్లారని ఆ ఊరివాళ్లు రాసివ్వాలి.”

“అంకె ఉండనీలేమ్మా. పొగ ఒక్కటీ ఆపండి. రెండు దినాలు ఆపితే గూడు కట్టుకుంటాయి.”

“పొగ ఆపాలంటే జ్వరం లేదని నేను రాయాలి. జ్వరం లేదని రాయాలంటే పొగ వేసి ఉండాలి.” తన చేతిలో ఏమీ లేదని చూపించడానికి ఆమె రెండు చేతులూ ఎత్తింది. ఏమీ లేదు.

బండ్లు హిందూపురం వాళ్ల కింద ఉంటాయి కాబట్టి అక్కడికి పోయాను. ముద్ర లేని కాగితం చూసేది లేదన్నారు. ముద్ర కోసం ధర్మవరం పోతే, సంతకం లేని కాగితం మీద ముద్ర వేసేది లేదన్నారు. వికేంద్రీకరణను నేను టికెట్టు కొనుక్కుని మరీ చూశాను.

పొగబండి సాయంత్రం వచ్చింది. నడిపేది హనుమంతు. మూడేళ్ల కింద గేటు దగ్గర తిప్పుకుని పోయింది కూడా అతనే. నేనూ యల్లక్కా కిటికీలకు తడి గోతాలు కట్టి, వాకిలికి టార్పాలిన్ దించి, అడ్డంగా నిలబడి ఉన్నాం.

“ఏమప్పా కుళ్లాయప్పా, ఆ పొద్దు రమ్మని కాళ్లు పట్టుకుంటివి. ఈ పొద్దు వస్తే అడ్డం నిలబడతావు?”

“తిప్పుకో బండి. తిప్పేది నీకు తెలుసు కదా.”

హనుమంతు ఫోన్ తీశాడు. “నాదేముందప్పా? పొగా, షెడ్డూ, నేనూ ఒగే ఫోటోలో పడల్ల. లేకుంటే నాకు ఈ పొద్దు హాజరు పడదు.”

“ఆడుండేది పురుగులు రా సామీ!” అని యల్లక్క అరిచింది.

“మందు కూడా పురుగులకేనక్కా తెచ్చిండేది.”

ఫోటో మొదటిసారి సరిగా రాలేదు. పొగలో హనుమంతు కనబడలేదు. రెండోసారి వేశాడు.

గోతాలు పొగను ఆపవు. లోపలికి పోయి చూశాం. పురుగులు తలలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. తర్వాత పచ్చటి రసం కక్కాయి. తర్వాత మేత చప్పుడు ఆగిపోయింది. గూడు కట్టడానికి తెచ్చిపెట్టిన చంద్రికలు, ఆ వెదురు తట్టలు, గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. పొద్దున్నే తోట పక్కన గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాం. యల్లక్క ఏడ్చింది. నేను పార పట్టుకున్నాను.

మండలి నివేదిక ఆ వారంలోనే వచ్చింది. ‘గువ్వలపురంలో నాలుగో జ్వరం ఒక్క రాత్రిలో పూర్తిగా తగ్గింది. మరణాలు: సున్నా.’ ధ్రువపత్రాలు లేవు కాబట్టి మరణాలు లేవు. మరణాలు లేవు కాబట్టి ఎనభై వేల మంది ఆరోగ్యంగా ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి మా నగరానికి పదివేల మంది కూర్చునే వ్యాయామశాల మంజూరైంది. గుంత పూడ్చిన చోటు చదునుగా ఉందని దానికి ఆ స్థలమే చూశారు.

మొన్న పవన్ కుమార్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఎవరూ గడప దగ్గర ఆపలేదు. లోపలికి వచ్చి ఖాళీ తట్టలు చూశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

“పెద్దాయనా, పైనుంచి తనిఖీకి వస్తున్నారు. జనాభా చూపించాలి. ఇంకొక్కసారి పురుగుల గుడ్లు తెచ్చుకో. నాలుగో జ్వరం దాకా మేపితే చాలు.”

“అవి ఏందో నీకు ఎప్పుడు తెలిసింది?”

“రెండో రోజే తెలిసింది. మేడంకు కూడా చెప్పాను. కానీ అప్పటికే ఊరు పట్టణం అయిపోయింది కదా పెద్దాయనా. వెనక్కి తీస్తే ఎంత చెడ్డపేరు!”

“పొగ వచ్చింది ఎన్నో రోజు?”

పవన్ కుమార్ ట్యాబ్ చూసుకున్నాడు. అందులో ఉంది. దాన్ని మూసి చంకలో పెట్టుకున్నాడు.

వచ్చే వారం ధర్మవరంలో మండలి ప్రజాభిప్రాయ సభ పెట్టింది. వికేంద్రీకరణ వల్ల బాగుపడిన రైతుగా నన్ను వేదిక మీదికి పిలిచారు. శాలువా ఉందట, మైకు ఉందట, రెండు నిమిషాలు మాట్లాడవచ్చట. నేను పోను. ఈ పంట గురించి మండలితో గానీ, పత్రికలతో గానీ, చివరికి యల్లక్కతో గానీ ఇక ఒక్క మాట మాట్లాడను. సభలో నోరు విప్పనివారి పేరుకు ఎదురుగా ‘అభ్యంతరం లేదు’ అని రాసుకుంటారని తెలిసింది. రాసుకోమనండి.